సౌండ్ తగ్గించు

మా జిల్లాలో చెవిటివాళ్లు తక్కువ. ఇది జిల్లాకు మంచిదే గాని, అక్కడున్న వినికిడి పరిరక్షణ శాఖకు మంచిది కాదు. ఏటా రాజధాని నుంచి మాకొక లక్ష్యం వచ్చేది, ఇంతమంది బధిరులను గుర్తించాలని. ఏటా మేం అందులో సగానికి కూడా చేరేవాళ్లం కాదు. సమీక్షా సమావేశంలో మా ఉప సంచాలకులు చిదంబరం గారిని లేపి నిలబెట్టి, మీ జిల్లా జనానికి చెవులు ఇంత బాగా ఎందుకు పనిచేస్తున్నాయో సంజాయిషీ ఇమ్మనేవారు. తిరిగి వచ్చాక ఆయన కొన్నాళ్లపాటు టిఫిన్ క్యారియర్ కూడా సరిగ్గా విప్పేవారు కాదు. నేను ఆ ఆఫీసులో జూనియర్ అసిస్టెంటుని. ఆయన దిగులు దగ్గర నుంచి చూసినవాణ్ని కనుక చెబుతున్నాను, ఆయన చెడ్డవారు కారు. చెవిటివాళ్లు దొరక్క బాధపడేవారు, అంతే.

అలాంటి సమయంలో లినక్సు వచ్చింది.

ప్రభుత్వ కంప్యూటర్లన్నీ పాత సిస్టమ్ వదిలి లినక్సు అనే కొత్త సిస్టమ్‌లోకి మారాలని పైనుంచి ఉత్తర్వు దిగింది. ఎందుకు మారాలో అందులో పేజీలకు పేజీలు రాశారు. ఎలా మారాలో మాత్రం ‘తగు విధముగా’ అని ఒక్క ముక్కలో తేల్చారు. మా ఆఫీసులో వినికిడి పరీక్ష చేసే లాప్‌టాప్ ఒక్కటే. రాజధాని నుంచి ఒక నిపుణుడు వచ్చి, దాన్ని మధ్యాహ్నానికల్లా మార్చేసి, భోజనం చేసి వెళ్లిపోయాడు. చిదంబరం గారు లాప్‌టాప్‌కు బొట్టు పెట్టించి కొబ్బరికాయ కొట్టించారు. కొబ్బరినీళ్లు లోపలికి పోకుండా హైమావతి గారు దాన్ని గబుక్కున ఎత్తి పట్టుకున్నారు.

హైమావతి గారు మా పరీక్షాధికారిణి. చెవి పరీక్షల్లో డిగ్రీ చేసి వచ్చిన మనిషి. పరీక్ష పెద్ద బ్రహ్మవిద్యేమీ కాదు. వచ్చినవాళ్ల తలకు హెడ్‌ఫోన్ తగిలించి, లాప్‌టాప్‌లోంచి ‘కుయ్’మనే శబ్దాలు వినిపిస్తారు. మొదట సన్నగా, ఆ తరువాత గట్టిగా. వినబడగానే వాళ్లు వేలెత్తాలి. వేలెత్తగానే ఆవిడ ఒక మీట నొక్కుతారు. చివరికి ఆ చెవి ఏపాటిదో లాప్‌టాప్ తేల్చి, ఫలితాన్ని తానే పైకి పంపేస్తుంది. ఉద్యోగస్తులైతే ఆ ఫలితం తిన్నగా వాళ్ల పై అధికారికి పోతుంది. మధ్యలో మనుషులు వేలు పెట్టకూడదని ఆ ఏర్పాటు. ‘యంత్ర నిర్ధారణే తుది నిర్ధారణ’ అని గోడ మీద ఎర్ర రంగుతో రాయించి ఉంది.

కొబ్బరికాయ కొట్టిన మర్నాటి నుంచి ఎవరూ వేలెత్తలేదు.

మొట్టమొదట పూర్తి చెవుడు బయటపడింది ఒక బడిపంతులుకి. ఆయన పక్క సందులోని పళ్ల డాక్టరు కోసం వచ్చి, దారి తప్పి మా దగ్గర కూర్చున్నాడు. తరువాత ఆయన్ని వెతుక్కుంటూ వచ్చిన ఆయన భార్యకు. ఆ తరువాత కూరల బజారు జనానికి, పోస్టాఫీసు వాళ్లకు, పెళ్లి మేళం ముగించుకుని సన్నాయితో సహా వచ్చిన ఒక విద్వాంసుడికి. గుర్తించిన వారికి ఉచితంగా శ్రవణ యంత్రం ఇస్తారన్న కబురు ఊళ్లో పాకడంతో వరస గేటు దాటింది. వారం తిరక్కుండానే ఏడాది లక్ష్యం నిండిపోయింది. చిదంబరం గారు అంకెలు చూసి, అద్దాలు తుడుచుకుని మళ్లీ చూశారు. ఆ రోజు క్యారియర్‌లో మెతుకు మిగల్లేదు.

హైమావతి గారికి అనుమానం వచ్చి ఆయన దగ్గరికి వెళ్లారు. అందరూ చెవిటివాళ్లెలా అవుతారని అడిగారు. పాత సిస్టమ్ ఇన్నేళ్లూ ఎంత చెవుడుని దాచిపెట్టిందో తలుచుకుంటే తనకు భయం వేస్తోందని ఆయన జవాబిచ్చారు. ఇకమీదట పరీక్షకు వచ్చినవారినే కాక, వారికి తోడుగా వచ్చినవారిని కూడా పరీక్షించవలసిందిగా అక్కడికక్కడే ఆదేశించారు.

ఆ ఆదేశంలో మొదట చిక్కుకున్నవాడు ముద్దాడ లింగరాజు.

లింగరాజు బస్సు డ్రైవరు. మా ఊరి డిపో నుంచి కొండవైపు పల్లెలకు తిరిగే బండి అతనిది. వాళ్లమ్మ నరసమ్మకు చాలా ఏళ్లుగా చెవుడు. నెత్తిన ఉరుము ఉరిమినా పక్కింటివాళ్లు సైగ చేస్తేనే ఆవిడకు తెలిసేది. ఉచిత యంత్రం సంగతి విని, సెలవు పెట్టి మరీ తల్లిని తీసుకొచ్చాడు. రూలు ప్రకారం తోడు వచ్చినవాడి ఉద్యోగ నంబరు కూడా లాప్‌టాప్‌లో ఎక్కించాం. తీరా చూస్తే నరసమ్మ హెడ్‌ఫోన్ పెట్టించుకోనంటుంది. తీగె చూసి కరెంటు కొడుతుందని భయపడింది. అప్పుడు లింగరాజు తానే అది పెట్టుకుని, ఇలా కూర్చోవాలి, వినబడితే ఇలా వేలెత్తాలి అని తల్లికి సైగలతో చూపించాడు. చూపించి, నవ్వుతూ శబ్దం కోసం ఎదురుచూశాడు. అలా చాలాసేపు నవ్వుతూనే కూర్చున్నాడు. లాప్‌టాప్ అతనికి పూర్తి చెవుడని తేల్చి డిపోకి పంపేసింది. తరువాత నరసమ్మకూ అదే తేల్చింది. ఆ వారంలో మా యంత్రం నిజం చెప్పింది ఆవిడ విషయంలోనే.

మర్నాడు డిపో మేనేజరు లింగరాజు దగ్గర డ్యూటీ తీసేసుకున్నాడు. హారన్ ఉంటే చాలదు, దాన్ని వినే డ్రైవరు కూడా ఉండాలి కదా అని మంచిగానే చెప్పాడట. చెవిటి ఉద్యోగికి తేలిక పని ఇవ్వాలని రూలు ఉండటంతో అతణ్ని విచారణ కౌంటర్లో కూర్చోబెట్టారు. రోజంతా జనం వచ్చి ఏ బస్సు ఎప్పుడని అడగడం, అతను చెప్పడం. ప్రయాణికుల నుంచి ఫిర్యాదులు పూర్తిగా ఆగిపోయాయని డిపో వాళ్లు మా శాఖకు కృతజ్ఞతలు తెలిపారు.

లింగరాజు బస్సు పోయినందుకు బాధపడ్డాడు గాని, ఇంటికి వెళ్లాక జరిగినదే అతణ్ని కుంగదీసింది. కొడుక్కీ చెవుడని ఎవరో సైగలతో నరసమ్మకు తెలియజేశారు. తన చెవుడే వాడికి అంటుకుందని ఆవిడ నమ్మేసింది. కొడుకు కంచం వేరు చేసింది. పడక అరుగు మీదికి మార్చుకుంది. అతను దగ్గరికి వస్తే కొంగు చెవులకు చుట్టుకుని అవతలికి జరిగేది. నాకు చెవుడు లేదమ్మా అని అతను చెబుతున్నా ఆవిడకు వినబడదు కదా.

అతను మా ఆఫీసుకు వచ్చి ఈ సంగతంతా చెప్పుకున్నది హైమావతి గారితో. ఆవిడ అడిగిన ప్రతి మాటకూ అతను ఠక్కున జవాబు చెబుతుంటే, ఆవిడ మాట్లాడ్డం ఆపి లాప్‌టాప్ వైపు చూశారు. హెడ్‌ఫోన్ తన తలకే పెట్టుకుని పరీక్ష నడిపారు. ఏమీ వినబడలేదు. నడిపింది తన పేరుతోనే కనుక, తనకు పూర్తి చెవుడన్న ఫలితం చిదంబరం గారి బల్ల మీదికి అప్పుడే వెళ్లిపోయింది.

తరువాత ఆవిడ తీరిగ్గా గమనించారు. తెర పైమూల సౌండ్ చూపించే గీత అట్టడుగున ఉంది. మీట నొక్కి పైకి తెచ్చారు. ఆవిడ చూస్తుండగానే అది మెట్టు మెట్టుగా దిగిపోయి సున్నా దగ్గర కూర్చుంది. మళ్లీ పెంచారు, మళ్లీ దిగింది. సెట్టింగుల్లోకి వెళ్లి పెంచారు. అక్కడా దిగింది. లాప్‌టాప్ ఆపి మళ్లీ పెట్టారు. ఈసారి ఇంకా చురుగ్గా దిగింది.

సాంకేతిక సహాయ కేంద్రానికి ఫోన్ చేస్తే, ఆపి మళ్లీ పెట్టమన్నారు. పెట్టానంటే, సిస్టమ్ కొత్తది కనుక అలవాటు పడే వరకూ ఓపిక పట్టమన్నారు. ఫిర్యాదు రాసుకోమంటే, ఫోన్‌లో రాసుకోరనీ, ఆ లాప్‌టాప్‌లోనే నమోదు చేయాలనీ చెప్పారు. ఆవిడ నమోదుకు కూర్చున్నారు. అన్నీ నింపాక చివర్లో, మీరు మనిషేనని రుజువు చేసుకొనుటకు ఇప్పుడు వినిపించు అంకెలను టైపు చేయుడు అని వచ్చింది. ఏ అంకెలూ వినిపించలేదు. మూడుసార్లు తప్పు కొట్టాక, మీరు మనిషి కారు అని చెప్పి తలుపు వేసేసింది.

హైమావతి గారు ఇంటర్నెట్‌లో అవీ ఇవీ చదివి ఒక చిన్న ప్రోగ్రాము పెట్టారు. ఏ మీట నొక్కితే ఆ మీట పేరు, అది ఎక్కడి నుంచి వచ్చిందో కూడా తెర మీద పడుతుంది. పెట్టి, రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. నేను పక్కనే నిలబడి చూశాను. ఎవరూ ఏదీ ముట్టుకోలేదు. అయినా తెర మీద వరసలు పడుతూనే ఉన్నాయి. సౌండ్ తగ్గించు, సౌండ్ తగ్గించు, సౌండ్ తగ్గించు. ఆ ఆజ్ఞలు వస్తున్నది కీబోర్డు నుంచి కాదు, హెడ్‌ఫోన్ నుంచి.

ఆవిడ హెడ్‌ఫోన్ పీకేశారు. వరసలు ఆగిపోయాయి. గుచ్చారు. మొదలయ్యాయి. తీగె మధ్యలో సౌండ్ పెంచడానికీ తగ్గించడానికీ చింతగింజంత బటన్లు రెండున్నాయి. తగ్గించే బటను లోపలికి దిగబడి ఇరుక్కుపోయింది. ఇంతమంది తలనూనె దిగి అక్కడ గట్టి కట్టేసింది. పాత సిస్టమ్ ఆ బటను మాట ఏనాడూ లెక్కచేయలేదు. కొత్తది శ్రద్ధగా వింటోంది. ఆ ఆఫీసులో ఎవరి మాటైనా శ్రద్ధగా వింటున్నది అప్పటికి అదొక్కటే.

గుండుసూదితో లేపినా బటను లేవలేదు. హెడ్‌ఫోన్ మారిస్తే సరిపోతుందనీ, అలాంటిది బస్టాండు ఎదుట కొట్లో దొరుకుతుందనీ ఆవిడ వెళ్లి చిదంబరం గారికి చెప్పారు.

చిదంబరం గారు కలం మూత తీశారు. తరువాత ఒక కాగితం మీద రాసి ఆవిడ ముందుకు తోశారు. ఆఫీసు రికార్డుల ప్రకారం ఆవిడకు వినబడదు కనుక, ఇక నుంచి ఆవిడతో ఆయన సంభాషణ అంతా రాతలోనే సాగింది. ఆవిడ మాత్రం నోటితోనే జవాబు చెప్పేవారు. ఆయన రాసినదాని సారాంశం ఇది. సదరు హెడ్‌ఫోన్ విడి వస్తువు కాదు, శ్రవణ నిర్ధారణ పరికర సముదాయంలో అంతర్భాగం. మార్చాలంటే కమిషనరు గారి అనుమతి కావాలి. అనుమతి కోరాలంటే శబ్దం రావడం లేదని ఎవరైనా ధ్రువీకరించాలి. శబ్దం వస్తున్నదీ లేనిదీ వినికిడి ఉన్నవారే ధ్రువీకరించగలరు. మీరు బధిరులు.

“మరి మీరే ఒకసారి పెట్టుకుని వినండి సార్” అన్నారు హైమావతి గారు.

ఆయన హెడ్‌ఫోన్ వైపు పామును చూసినట్టు చూశారు. ఇదే సమయంలో రాజధాని నుంచి కబురు వచ్చింది, బధిరుల గుర్తింపులో మా జిల్లా రాష్ట్రంలోనే ప్రథమమని, కమిషనరు గారు స్వయంగా వచ్చి సన్మానిస్తారని. ఆయన ఇరవై ఏళ్ల ఉద్యోగంలో ఆయన్ని ఎవరూ మెచ్చుకున్నది లేదు. ఆ కబురు ఆయన నాచేత రెండుసార్లు చదివించుకున్నారు.

ఈలోగా లింగరాజు అప్పీలు పెట్టుకున్నాడు. దానిని విచారించడానికి ఒక కమిటీ వేశారు. చిదంబరం గారు అధ్యక్షులు. లెక్కల అధికారి ఒక సభ్యుడు. శబ్దం ఎక్కువగా ఉండేది రోడ్ల మీద కనుక రోడ్ల శాఖ ఇంజనీరు మరొక సభ్యుడు. యంత్రం సవ్యంగా ఉన్నదీ లేనిదీ ముందుగా సభ్యులే పరీక్షించి చూడాలని రూలు. ఇక తప్పలేదు.

లెక్కల అధికారి మొదట కూర్చున్నారు. ఆయన తెలివైన మనిషి. వేలెత్తకపోతే ఏమవుతుందో లింగరాజును చూసి తెలుసుకున్నారు. హైమావతి గారు పరీక్ష మొదలు పెట్టకముందే ఆయన వేలెత్తారు. ఇంకా మొదలు కాలేదని ఆవిడ అంటే దించి, మొదలవగానే మళ్లీ ఎత్తి, ఇక దించలేదు. ఇంజనీరు గారు రెండు చేతులతోనూ ఎత్తారు. చిదంబరం గారు కళ్లు మూసుకుని, సంగీతం వింటున్నవారిలా తలూపుతూ మరీ ఎత్తారు. ముగ్గురి వినికిడి మానవమాత్రులకు సాధ్యం కానంత చక్కగా ఉందని లాప్‌టాప్ తేల్చింది. శబ్దం ఖంగుమని వినిపించిందనీ, అసలు కాస్త ఎక్కువే అనిపించిందనీ సభ్యులు ఒకరితో ఒకరు చెప్పుకున్నారు.

అప్పుడు లింగరాజును లోపలికి పిలవడానికి హైమావతి గారు వరండాలోకి వచ్చారు. నేనూ ఆవిడ వెనకే వచ్చాను. ఆవిడ గొంతు తగ్గించి అతనికి ఉపాయం చెప్పారు. శబ్దం రాదు, అయినా వేలెత్తేయమన్నారు. లోపలున్న పెద్దలు ముగ్గురూ అదే చేశారనీ, అతను కూడా చేస్తే రేపటి నుంచి బస్సు ఎక్కవచ్చనీ అన్నారు.

లింగరాజు తల అడ్డంగా ఊపాడు.

“వద్దు మేడమ్” అన్నాడు. “ఇనపడంది ఇనపడిందని ఏలెత్తి బండెక్కితే, రేపు ఎనక నుంచి లారీవోడు హారను కొట్టినప్పుడు నా చెవిని నేనే నమ్మలేను. నా ఎనకాల యాభై మంది కూకుంటారు.”

హైమావతి గారు అతని కోసం తలుపు తీసి పట్టుకున్నారు. ఆ మాటకు ఆవిడ ముఖం ఎర్రబడటం నాకు తెలిసింది.

లోపల అతను హెడ్‌ఫోన్ పెట్టుకుని, చేతులు తొడల మీద పెట్టుకుని, పరీక్ష అయ్యేదాకా కదలకుండా కూర్చున్నాడు. పూర్తి చెవుడు. తరువాత, చెవులు బాగున్నాయని రుజువు చేసుకోవడానికి తనను ఏమైనా అడగమని కమిటీని బతిమాలాడు. పెదవులు చూసి గ్రహిస్తాడేమోనని కమిటీ అతణ్ని గోడవైపు తిప్పి నిలబెట్టింది. ఇంజనీరు గారు పేరు అడిగారు, చెప్పాడు. ఊరు అడిగారు, చెప్పాడు. లెక్కల అధికారి రహస్యం చెప్పినట్టు గుసగుసగా, మీ బస్సు ఎన్నింటికి బయలుదేరేదయ్యా అని అడిగితే, దానికీ చెప్పి, ఆ బండిని ఇప్పుడు వేరేవాడు ఆలస్యంగా తీస్తున్నాడని కూడా చెప్పాడు.

కమిటీ తీర్పును నేనే టైపు చేశాను. అప్పీలుదారు ప్రశ్నలను వినకుండానే వాటికి సరైన సమాధానాలు ఇవ్వడంలో అసాధారణమైన ప్రతిభ కనబరచినందున కమిటీ వారిని అభినందించడమైనది, అయినను సదరు ప్రతిభ వినికిడికి ప్రత్యామ్నాయం కాజాలదు, అప్పీలు తిరస్కరించడమైనది. ఆ తీర్పును అతనికి చదివి వినిపించకూడదు కనుక చేతికి ఇచ్చాం.

సన్మానం రోజు వచ్చింది. ఆవరణలో షామియానా వేశారు. కమిషనరు విశ్వంభర మూర్తి గారు కారు దిగారు. గంభీరమైన మనిషి. ఎవరైనా మాట్లాడుతుంటే తల కొంచెం పక్కకు తిప్పి, కుడి చెవి అటు పెట్టి వినేవారు. అది ఆయన హుందాతనమని అందరూ అనుకునేవారు. గుర్తించిన బధిరులందరినీ ముందు వరసల్లో కూర్చోబెట్టాం. కమిషనరు గారు వస్తున్నారని మైకులో చెప్పగానే వాళ్లంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. జనంలో ఎవరికీ అది వింతగా తోచలేదు.

కమిషనరు గారు పరీక్ష తానే చేయించుకుని ప్రజలకు స్ఫూర్తినిస్తారని కార్యక్రమంలో ఉంది. అందుకని చిదంబరం గారు ముందురోజే హైమావతి గారికి ఒక చీటీ రాసి ఇచ్చారు. ఆ ఒక్క పూటకూ బస్టాండు దగ్గర కొత్త హెడ్‌ఫోన్ కొని తగిలించాలని, కార్యక్రమం ముగిశాక పాతది యథాస్థానంలో పెట్టాలని. ఆవిడ సరేనన్నారు. కొనుక్కొచ్చారు కూడా. కొత్తది పెట్టెలో నుంచి తీయకుండా సొరుగులో పెట్టి తాళం వేసి, వేదిక మీదికి పాతదే పట్టుకెళ్లారు. నాకు తెలుసు. నేను చిదంబరం గారితో చెప్పలేదు.

కమిషనరు గారు హెడ్‌ఫోన్ పెట్టుకున్నారు. ఆవరణంతా నిశ్శబ్దమైంది. ఆయన వేలు లేవలేదు. చిదంబరం గారు తీగె మధ్య ఇరుక్కున్న పాత బటను చూసి గుర్తుపట్టారు. పరీక్ష సగానికి వచ్చింది. ఆయన ఎడమ చెవి మీద హెడ్‌ఫోన్‌ను ఒకసారి, కుడి చెవి మీద మరోసారి అదుముకున్నారు. తరువాత, నెమ్మదిగా, వేలెత్తారు. ఒకసారి ఎత్తాక ఎత్తుతూనే ఉన్నారు. జనం చప్పట్లు కొట్టారు. బహు స్పష్టంగా వినిపించిందని ఆయన మైకులో చెప్పారు.

వెంటనే చిదంబరం గారిని గదిలోకి తీసుకెళ్లి తలుపు దగ్గరగా వేశారు. నేను కాఫీ పట్టుకెళ్లాను.

“ఈ ఫలితం ఎక్కడికి పోతుందయ్యా?” అని అడుగుతున్నారు కమిషనరు గారు.

“ఆటోమేటిగ్గా సదరు ఉద్యోగి పై అధికారికి పోతుంది సార్.”

“సగం వరకూ నేను వేలెత్తలేదు.”

కమిషనరు గారు కిటికీ దగ్గరికి వెళ్లి నిలబడ్డారు. ఎడమ చెవి చాలాకాలంగా పనిచేయడం లేదనీ, ఇంట్లోవాళ్లకు కూడా చెప్పలేదనీ, కుడి చెవి మీదే నెట్టుకొస్తున్నాననీ, ఇప్పుడు అది కూడా పోయిందని ఈ యంత్రం కనిపెట్టేసిందనీ చెప్పారు. చాలా గొప్ప యంత్రం అన్నారు. ఆ క్షణంలో హెడ్‌ఫోన్ సంగతి ఒక్కమాట చెబితే ఆయన ప్రాణం కుదుటపడేది. చిదంబరం గారు నోరు తెరిచారు. కాని బయట తనకు కప్పాల్సిన శాలువా పళ్లెంలో సిద్ధంగా ఉంది. నోరు మూసుకున్నారు.

కాఫీ చల్లారేలోగా కమిషనరు గారు ఉత్తర్వు చెప్పారు, నేను టైపు చేశాను. ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, శాఖ యంత్రం ద్వారా నిర్ధారణ అయిన చెవుడు కేవలం సంక్షేమ ప్రయోజనాలకే పరిమితం. దాని కారణంగా ఏ హోదాలోని ఏ ఉద్యోగినీ ఏ విధి నుంచీ తొలగించరాదు. ఇప్పటికే తొలగించిన వారిని తక్షణమే యథాస్థానంలో నియమించవలెను. అట్టి ఉద్యోగుల మాట అన్ని అధికారిక విషయాల్లోనూ చెల్లుబాటు అగును. ఆ ఉత్తర్వు నుంచి తనను తాను మినహాయించుకోవలసిన అవసరం ఆయనకు కలగలేదు.

అలా లింగరాజు తిరిగి బస్సు ఎక్కాడు. చెవుడు మాత్రం పోలేదు. ఒకసారి గుర్తించిన బధిరులను తిరిగి పరీక్షించే పద్ధతి మా శాఖలో లేదు. డిపో వాళ్లు జాగ్రత్త కోసం ఒక నిబంధన చేర్చారు. బధిర డ్రైవరు నడుపు బస్సులో కండక్టరు రైట్ రైట్ అని అరవరాదు, ముందుకు వచ్చి డ్రైవరు భుజం తట్టవలెను. పాపం, కిటకిటలాడే బండిలో ప్రతి స్టాపుకూ ఆ కండక్టరు జనాన్ని తోసుకుంటూ ముందుకొచ్చి తట్టి వెళుతుంటాడు. ముట్టుకోకముందే బండి కదిలించకుండా ఉండటం లింగరాజుకు పెద్ద పరీక్షగా ఉందట.

హైమావతి గారి మాటకు కూడా చెల్లుబాటు వచ్చింది. హెడ్‌ఫోన్‌లో శబ్దం రావడం లేదన్న ఆవిడ ధ్రువీకరణ నియమానుసారం పైకి వెళ్లి, అనుమతితో కిందికి వచ్చింది. సొరుగులోది బయటికి తీసి తగిలించారు. ఆ రోజు నుంచి వచ్చినవాళ్లంతా వేళ్లెత్తారు. గుర్తింపులు ఒక్కసారిగా పడిపోయాయి. ఇక మళ్లీ పాత దిగులు తప్పదని నేను చిదంబరం గారిని చూసి జాలిపడ్డాను. కాని ఆయన పైవారికి రాసిన నివేదిక చదివాక ఆ మనిషి మీద గౌరవం పెరిగింది. శాఖ చేపట్టిన ముమ్మర కృషి ఫలితంగా జిల్లాలో చెవుడు స్వల్ప కాలంలోనే దాదాపుగా నిర్మూలన అయినట్లు ఆయన తెలియజేశారు. అంకెలు నిజమే కదా. ఆయనకు ప్రమోషన్ వచ్చి రాజధానికి వెళ్లారు. మిగతా జిల్లాల్లో చెవుడును నిర్మూలించే పని ఇప్పుడు ఆయనదే.

శ్రవణ యంత్రాలు ఆ తరువాత వచ్చాయి. వరస పెద్దది, వచ్చినవి కొన్నే. గుర్తించిన వారిలో ఉద్యోగస్తులకు మొదట ఇవ్వాలని రూలు. నరసమ్మ వంతు ఎప్పటికి వస్తుందో చెప్పలేం. ఆవిడ ముందు కూరల బజారు బజారంతా ఉంది. లింగరాజుది మాత్రం మొదటి పేర్లలోనే వచ్చింది. పిలిస్తే వచ్చి, సంతకం పెట్టి, యంత్రం తీసుకుని, తనతో తీసుకొచ్చి వరండాలో కూర్చోబెట్టిన తల్లి దగ్గరికి తిన్నగా నడిచాడు.

హైమావతి గారు కూడా లేచి వెళ్లారు. ఆ యంత్రం ఇంకొకరికి ఇవ్వకూడదని అందరికీ తెలుసు. కొత్తగా వచ్చిన ఉప సంచాలకులు ఆ సమయంలో కిటికీ వైపు చూడకుండా ఫైలు చదువుకున్నారు. నరసమ్మ మొదట ఒప్పుకోలేదు. కొంగు బిగించుకుని కొడుకుని దూరంగా ఉండమంది. హైమావతి గారు ఆవిడ పక్కన కూర్చుని, చెయ్యి పట్టుకుని, మెల్లగా కొంగు తీసి, యంత్రం చెవిలో అమర్చి, దాని సౌండ్ కొంచెం కొంచెంగా పెంచుకుంటూ వచ్చారు.

నరసమ్మ తలెత్తింది. ఎదుట చెట్టు కొమ్మ మీద కాకి ఉంది. దాని వైపు చాలాసేపు చూసింది. తరువాత వరండా చివర నేను కొడుతున్న టైపు మిషను చప్పుడు ఎక్కడి నుంచి వస్తోందో వెతుక్కుంది. నేను టైపు కొట్టడం ఆపాను. కొట్టమన్నట్టు చెయ్యి ఊపింది.

లింగరాజుకు డ్యూటీ వేళ దాటుతోంది. అతను తల్లి ముందు వంగాడు.

“అమ్మా, ఎల్లొత్తాను” అన్నాడు.

నరసమ్మ అతని నోటి వైపు, కళ్ల వైపు మార్చి మార్చి చూసింది.

“బండెక్కీముందు రోజూ ఇలగే సెప్పీవోడివేటి?” అని అడిగింది.

“రోజూ సెప్పీవోణ్నేనమ్మా.”

“నాను ఇన్నాళ్లూ... నువ్వు నాతో మాటాడకండా ఎలిపోతన్నావనుకున్నాన్రా” అంది ఆవిడ. కొంగుతో కళ్లు కాదు, చెవి దగ్గర తుడుచుకుంది, అక్కడేదో అడ్డం ఉన్నట్టు. తరువాత కొడుకు చొక్కా పట్టుకుని దగ్గరికి లాక్కుంది.

“మల్లీ ఓపాలి సెప్పు.”

బస్సుకు ఆలస్యమైపోతోంది. అయినా లింగరాజు మెట్టు మీద కూర్చుని, మళ్లీ చెప్పాడు.